కర్రీ పాయింట్‌లో బేన్ మేరీ: నాలుగేళ్లు దాటాక చెబుతున్న మాట

విజయనగరంలో కోట దగ్గర మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. వంట నేనూ మా అత్తగారూ చూస్తాం, కౌంటరు మా ఆయన చూస్తారు. పదకొండున్నరకల్లా కూరలు బల్ల మీదకు రావాలి. మధ్యాహ్నం మూడు దాకా జనం వస్తూనే ఉంటారు, మళ్లీ సాయంత్రం ఏడు నుంచి మొదలు. వండేది ఒక్కసారి, అమ్మేది మూడు నాలుగు గంటలు. ఈ మధ్యలో పప్పు, సాంబారు, ఇగురు, వేపుడు, పులుసు వేడిగా నిలబడాలి. అందుకోసం ఆరు గిన్నెల ఎలక్ట్రిక్ బేన్ మేరీ, అంటే వేడినీళ్ల మీద కూరలు వేడిగా నిలబెట్టే బల్ల, దాని మీద అద్దాల హాట్ కేసు కలిపి విశాఖపట్నంలో స్టీలు సామాన్లు తయారుచేసే ఒక ఫ్యాబ్రికేటర్ దగ్గర చేయించాం. రవాణాతో కలిపి రూ.30 వేలు దాటింది. ఇప్పటికి నాలుగేళ్లకు పైగా రోజూ వాడుతున్నాం.

బేన్ మేరీకి పెట్టిన డబ్బు పూర్తిగా గిట్టింది. దాని మీద అద్దాల కేసు మాత్రం మా కూరలకు పెద్దగా అక్కరకు రాలేదు. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే కొనేటప్పుడు అందరి కళ్లూ ముందు ఆ అద్దాల మీదా లైట్ల మీదే పడతాయి.

బేన్ మేరీ పొయ్యి కాదు. అడుగున స్టీలు తొట్టి, అందులో నీళ్లు, నీళ్లలో హీటరు. ఆ వేడినీళ్ల మీద గిన్నెలు కూర్చుంటాయి. మంట నేరుగా తగలదు కాబట్టి పప్పు అడుగంటదు, ఇగురు మాడదు. దాని గొప్పతనమంతా అక్కడే ఉంది, దాని హద్దు కూడా అక్కడే ఉంది. నీళ్లు 85, 90 డిగ్రీల దగ్గర ఉంటాయి, అంతే. పొయ్యి మీద మరిగిన సాంబారు తెచ్చి పెడితే ఆ వేడి నిలబెడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పప్పు గిన్నె పెడితే మాత్రం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంచుతుంది. సూక్ష్మజీవులకు కావలసింది ఆ గోరువెచ్చదనమే.

2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో నాలుగో షెడ్యూలు ప్రకారం వేడిగా వడ్డించే ఆహారం 60 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. ఆ అంకె వెనక గట్టి కారణముంది. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా చాలాసేపు ఉండిపోతే అవి మొలకెత్తి పెరుగుతాయి, విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం తర్వాత ఎంత మరగబెట్టినా పోదు. పెద్ద గిన్నెలో మెల్లగా చల్లారే మాంసం కూరల్లో క్లోస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అని ఇంకోటి పెరుగుతుంది. హాస్టల్ పిల్లలు, ఆఫీసులవాళ్లు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు మన కూర నమ్మి ఇంటికి పట్టుకెళ్తారు. కాబట్టి ఈ విషయంలో నేను రాజీ పడను.

అందుకే బేన్ మేరీతో పాటే ప్రోబ్ థర్మామీటరు కొనండి. పుల్లలా ఉంటుంది, కూర మధ్యలో గుచ్చి చూడొచ్చు, ధర కొన్ని వందలే. బేన్ మేరీ డయల్ చెప్పేది నీళ్ల వేడిని, కూర వేడిని కాదు. మా దాంట్లో డయల్ 85 మీద పెడితే సాంబారు మధ్యలో 72, 73 డిగ్రీలు చూపిస్తుంది. ముద్దపప్పు గట్టిగా ఉంటుంది కాబట్టి 66, 67 దగ్గర ఆగుతుంది. హీటరుకు దూరంగా ఉన్న చివరి గిన్నె ఇంకో మూడు డిగ్రీలు తక్కువ. అందుకని పలచటి వంటకాలు ఆ చివర, పప్పు హీటరు మీద పెడతాం. థర్మామీటరు సరిగ్గా ఉందో లేదో ఐసుముక్కలు వేసిన నీళ్లలో పెట్టి చూస్తే చాలు, సున్నా చూపించాలి.

ఇక వేడి నిలబడినంత మాత్రాన రుచి నిలబడుతుందా అంటే, ఏ కూరకు ఆ కూర వేరు. కొనేముందు ఇది నాకెవరూ చెప్పలేదు, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

పులుసులంత బాగా బేన్ మేరీలో నిలిచేది ఇంకేదీ లేదు. దప్పళం, బెండకాయ పులుసు, చేపల పులుసు మూడు గంటలున్నా రుచి తగ్గవు, ముక్కకు పులుపు పట్టి ఇంకా బాగుంటాయి. చేపల పులుసులో గరిటె తిప్పకూడదు, అంతే. సాంబారు మొదటి గంటన్నర బాగుంటుంది. తర్వాత చిక్కబడుతుంది, ములక్కాడ తప్ప మిగతా ముక్కలు కరిగిపోతాయి, ఇంగువ వాసన ఆవిరితో వెళ్లిపోతుంది. మా అత్తగారు తాలింపు సగమే మొదట వేసి, మిగతా సగం ఒంటిగంటప్పుడు కొత్తగా వేస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకి కూడా అప్పుడే దించిన సాంబారులా ఉంటుంది. చారు అయితే అస్సలు ఎక్కువ పెట్టం. చిన్న గిన్నెతో పెట్టి, అయిపోగానే మళ్లీ కాస్తాం. మిరియాల వాసన పోయిన చారు అమ్మడం నాకు మనసొప్పదు.

ఆకుకూరలతో ఇబ్బంది రంగు. తోటకూర, పాలకూర పప్పు వేడిలో ఉన్నకొద్దీ పచ్చదనం పోయి గోధుమ రంగులోకి వస్తాయి. ఆకుపచ్చ రంగునిచ్చే పదార్థంలోని మెగ్నీషియం వేడికి ఊడిపోవడమే కారణం. పులుపు తోడైతే అది ఇంకా త్వరగా జరుగుతుంది, గోంగూర చూడండి, పొయ్యి మీదే రంగు మారిపోతుంది. రుచికి లోటు లేదు కానీ కొనేవాళ్లు కంటితోనే ఎంచుకుంటారు. అందుకే ఆకుకూర పప్పు రెండు వాయిలుగా చేస్తాం. కోడిగుడ్డు కూరలో గుడ్లు మొత్తం ఒకేసారి వేయం. ఎక్కువసేపు వేడిలో ఉన్న గుడ్డు పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది, తింటే ఏమీ కాదు గానీ చూసినవాళ్లు పాతదనుకుంటారు.

వేపుళ్లే అసలు పరీక్ష. మూత వేస్తే ఆవిరి నీళ్లై కూరలో పడుతుంది, మూత తీస్తే వేడి పోతుంది. "అక్కా, దొండకాయ వేపుడు మెత్తగుందేటి?" అని రోజూ వచ్చే ఒకాయన అడిగారు, ఆయన అడిగింది న్యాయమే. ఇప్పుడు వేపుడుకి 65 మిల్లీమీటర్ల లోతుండే పలచటి గిన్నె, అడుగున చిల్లుల పళ్లెం, మూత కొంచెం ఓరగా. గంట వరకూ పరవాలేదు. బంగాళాదుంప వేపుడైతే అది కూడా కష్టమే, కాబట్టి దాన్ని కొంచెం కొంచెంగా వేయిస్తాం.

బేన్ మేరీలో పెట్టకూడనివి కొన్నున్నాయి. మజ్జిగ పులుసు విరిగిపోతుంది. పచ్చళ్లు, పెరుగు సరేసరి. పనసపొట్టు ఆవ కూర కూడా అంతే. ఆవ ఘాటు వేడికి ఎగిరిపోతుంది, చివరికి చేదే మిగులుతుంది. మన ఉత్తరాంధ్రలో ఆ కూరకున్న పేరంతా ఆ ఘాటు వల్లే వచ్చింది. మేము కూర వేరుగా వేడిగా ఉంచి, అడిగినవాళ్లకు అప్పటికప్పుడు ఆవ ముద్ద కలిపి ఇస్తాం.

గిన్నెల కొలత గురించి ఒక మాట. చాలామంది ఫ్యాబ్రికేటర్లు తమకు తోచిన సైజులో గుండ్రటి గిన్నెలకు బల్లకు రంధ్రాలు కోస్తారు. ఒక గిన్నె పాడైతే మళ్లీ వాళ్ల దగ్గరకే వెళ్లాలి. 325 మిల్లీమీటర్ల పొడవు, 265 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే గిన్నెలు పట్టేట్టు చేయించండి. ఇది హోటళ్లలో అంతటా వాడే కొలత, ఏ హోటల్ సామాన్ల షాపులోనైనా దొరుకుతుంది. 150 మిల్లీమీటర్ల లోతు గిన్నెలో సుమారు తొమ్మిది లీటర్లు పడుతుంది, మా బేరానికి సరిగ్గా సరిపోయింది.

స్టీలు విషయంలో చాలామంది అయస్కాంతం పెట్టి చూడమంటారు. అది సరిపోదు. 304 రకానికీ, చవకైన 202 రకానికీ కూడా అయస్కాంతం పెద్దగా అంటుకోదు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. మాకు 304 అని చెప్పి ఇచ్చారు. బల్ల పైభాగం ఈరోజుకీ మెరుస్తూనే ఉంది. తొట్టి అడుగున అతుకుల దగ్గర మాత్రం రెండో ఏడాదిలోనే తుప్పు చుక్కలు వచ్చాయి, సాంబారు గిన్నె అంచున సన్నటి గుంటలు పడ్డాయి. ఉప్పు, చింతపండు పులుసు రోజూ తగిలే చోట స్టీలు నాణ్యత ఇట్టే బయటపడుతుంది. తయారుచేసినవాళ్లకు ఫోన్ చేస్తే వస్తాం వస్తాం అన్నారు గానీ రాలేదు. చివరికి ఊళ్లోనే వెల్డింగ్ చేయించాం. స్టీలు రకం తేల్చే చుక్కల మందు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. డబ్బు కట్టే ముందు బల్ల మీదే కాదు, తొట్టి అడుగున కూడా ఒక చుక్క వేసి చూడండి.

ఆ తొట్టికి నీళ్లు బయటికి పోయే కుళాయి అడుగుకంటే కొంచెం పైన పెట్టారు. రోజూ రాత్రి ఆఖరి రెండు మగ్గుల నీళ్లు గుడ్డతో తుడవాల్సిందే. తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి వాసన. కుళాయి తొట్టి అడుగునే ఉండాలి, తొట్టి దానివైపు వాలి ఉండాలి. చూడ్డానికి చిన్న విషయం, రోజూ పని చేసే మనిషికి మాత్రం చాలా పెద్దది.

మా బోరు నీళ్లు కఠినం. హీటరు రాడ్డు మీద తెల్లటి పెచ్చు కడుతుంది. పెచ్చు మందమైతే వేడి నీళ్లలోకి వెళ్లక రాడ్డే కాలిపోతుంది. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లు రాత్రంతా ఉంచితే పెచ్చు ఊడిపోతుంది, మేము నెలకోసారి చేస్తాం. రాడ్డు ఒకసారి మార్చాం, థర్మోస్టాట్ ఒకసారి. రెండూ మామూలు ఎలక్ట్రికల్ షాపులో దొరికాయి, అది మంచి సంగతే. నీళ్లు తగ్గితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు మా దానికి లేదు. ఉన్నది దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. తడి చేతులతో స్టీలు బల్ల ముట్టుకునే పని కాబట్టి ఎర్తింగ్ చూపించుకోండి, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, తప్పకుండా పెట్టించండి. ఈ ఖర్చు దగ్గర వెనకాడవద్దు.

కరెంటు లెక్క చాలామందికి టెన్షన్. మా హీటరు రెండు కిలోవాట్లు, తొట్టిలో 35 లీటర్ల నీళ్లు. ఆ నీళ్లు 28 డిగ్రీల నుంచి 85కి రావడానికే దాదాపు 2.3 యూనిట్లు, గంటకు పైగా సమయం పడుతుంది. అన్నం పొయ్యి మీద ఉన్నప్పుడే పక్కన నీళ్లు కాచి పోసేస్తే ఆ గంట మిగులుతుంది. ఆ తర్వాత మూతలు వేసి ఉంటే హీటరు మూడోవంతు సమయమే వెలుగుతుంది. మూతలు తీసి వదిలేస్తేనే బిల్లు పెరుగుతుంది. ఒక్క లీటరు నీరు ఆవిరైపోతే దాంతో పాటు 0.6 యూనిట్ల పైన కరెంటు పోయినట్టే. గిన్నె ఖాళీ అయితే ఆ రంధ్రాన్ని ఖాళీ గిన్నెతోనైనా మూసి ఉంచాలి. సబ్ మీటరు పెట్టి చూశాం, రెండు పూటలకూ కలిపి రోజుకు ఏడెనిమిది యూనిట్లు అవుతోంది.

2014లో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మాది, కరెంటు పోతే ఏమిటన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. కరెంటు పోయినా మూతలు తీయకపోతే మా దాంట్లో కూర గంటకు ఏడెనిమిది డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. అంత నీళ్లలో దాచిన వేడి అది. గంట దాటితే తొట్టిలో సగం నీళ్లు వదిలి, పొయ్యి మీద మరిగించినవి పోస్తాం. విజయదశమి తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు కోట చుట్టుపక్కల బండి కదలదు, తెల్లారుజాము నుంచే జనం. ఆ రోజు ఈ బల్ల ఆగకుండా పన్నెండు గంటలకు పైగా నడుస్తుంది. ఇప్పటివరకు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఇక అద్దాల కేసు. బజ్జీలు, గారెలు, సమోసాలు పెడదామని చేయించాం. లోపల వేడినిచ్చే బల్బులు, కింద నీళ్ల ట్రే. నీళ్లు పోస్తే బజ్జీ మెత్తబడుతుంది, పోయకపోతే ఎండిపోతుంది. బజ్జీ లోపలి తేమ పైపొర మీదకు వస్తుంది, ఏ పెట్టె అయినా దాన్ని ఆపలేదు. వానాకాలంలో అరగంట కూడా నిలవదు. సమోసా, ఎగ్ పఫ్ మాత్రం బాగా నిలుస్తాయి, బేకరీ వాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే వస్తువు. లోపల పాత పేపర్లు పరిచి పెట్టేవాళ్లను చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి, వేడి నూనెకు ఆ సిరా తినేదానికి అంటుతుంది, ఆహార భద్రత అధికారులు కూడా వద్దనే చెబుతున్నారు. కూరల వైపు అద్దానికి ఆవిరి పట్టి లోపలేముందో కనబడదు. అద్దం పైన రెండంగుళాలు ఖాళీ వదిలేలా మార్పించాక తగ్గింది. తుమ్ము, దుమ్ము పడకుండా ఆ ముందు అద్దం మాత్రం ఉండాల్సిందే.

వచ్చే దసరాకి ముందు ఇంకో బల్ల చేయిస్తున్నాం. ఈసారి నాలుగు గిన్నెలే, తొట్టి పూర్తిగా 304, వాలు ఉన్న అడుగు, పెద్ద కుళాయి, నీళ్లు తగ్గితే ఆగే స్విచ్. పైన వేడి కేసు వద్దన్నాం, ముందు ఒక్క అద్దం చాలు. ఆ మిగిలిన డబ్బుతో వేపుళ్ల కోసం ఇంకో పొయ్యి కొంటున్నాం.