పెరటి తోటకు జాలి గది: కొన్నేళ్లు వాడాక

నల్లగొండ వైపు పెరట్లో కూరగాయలు వేసేవాళ్లకు పురుగులు రెండో బాధ. వాటికి వేపనూనె ఉంది. కోతికి, ఉడతకి, పందికొక్కుకి అడ్డం కట్టడమే దారి. ఇక్కడ చెబుతున్నది 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు గది గురించి. జీఐ (జింకు పూత ఇనుప) పైపుల చట్రం, చుట్టూ అరంగుళం కన్నాల వెల్డ్ జాలి, పైన నైలాన్ వల. జాలికి పూర్తి మార్కులు వేయొచ్చు, వలకు పాస్ మార్కులు కూడా రావు.

మన ఎండలకు నైలాన్ పెళుసుబారుతుంది. వేలితో లాగితే దారం తెగిందంటే దాని పని అయిపోయినట్టే. ఎండ సంగతి అలా ఉంచితే, ఉడత కొత్త వలను కూడా కొరికేస్తుంది. కోతి ఎక్కి కూర్చుంటే వల ఉయ్యాలలా దిగి బీరకాయ దాని చేతికే అందుతుంది. పైకప్పుకీ అరంగుళం జాలే వేయాలి, కింద 4 అడుగులకో అడ్డపైపు ఉండాలి. రెండంగుళాల కన్నాల చైన్‌లింక్ (అల్లిన తీగ జాలి) చవకే, కోతి ఆగుతుంది, ఉడత ఆగదు.

అసలు ఓడిపోయేది నేల దగ్గర. జాలిని మట్టి మీదికి దించి వదిలేస్తే పందికొక్కు దాని కిందనుంచే తవ్వుకుని వస్తుంది. జాలిని మట్టిలో పాతితే తేమకు తుప్పు పడుతుంది. షాబాదు బండలు నిలువుగా పాతడం మేలు: 2 అడుగుల బండలో అడుగున్నర లోపలికి, అరడుగు పైకి, అతుకుల్లో సిమెంటు. జాలిని బండకు బయటివైపు బిగిస్తే మట్టి తగలదు, తుప్పు రాదు. గది మూసేముందు లోపలి బొరియలు సాయంత్రం మట్టితో పూడ్చండి. తెల్లారేసరికి తెరుచుకున్న బొరియలో కొక్కు ఉన్నట్టే. బోనులో ఎండుచేప పెట్టి, మొదటి రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టి ఉంచాలి. అది అనుమానం ఎక్కువున్న జంతువు, భయం పోయాకే బోను సిద్ధం చేయాలి. ఎలుకల మందు వద్దు, ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ, పిల్లి కూడా పోవచ్చు.

తలుపుకి ఉత్త గొళ్లెం చాలదు, కోతి తీసేస్తుంది. గొళ్లెం రంధ్రంలో మేకు దూర్చాలి. తలుపు కింద సందు అరంగుళం మించకుండా రాయి గడప వేయాలి.

ఈ గదికి ఉన్న అసలు లోపం వేరే. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటి పుప్పొడి మోసే పెద్ద రెక్కల పురుగులు అరంగుళం కన్నంలో దూరలేవు. పిందెలు పసుపెక్కి రాలుతుంటే ఎరువు పెంచేముందు దీన్ని చూడండి. పొద్దుగూకే వేళ మగపువ్వు రెక్కలు ఒలిచి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దాలి. ఒక మగపువ్వు రెండు ఆడపువ్వులకు సరిపోతుంది. టమాట, వంకాయలకు ఈ శ్రమ అక్కర్లేదు, మొక్కను తట్టితే చాలు.

మెరిసే రిబ్బన్లు, కొండముచ్చు బొమ్మలు కోతులకు త్వరగా అలవాటైపోతాయి. వెల్లుల్లి, మిరప ద్రావణం వాన పడితే కొట్టుకుపోతుంది, ఆకుకూరల మీదైతే ఆ ఘాటు పప్పులోకీ వస్తుంది. నెమలికి వల కడితే నేల వరకు వదులుగా వేలాడనివ్వకండి: అందులో జెర్రిపోతు చిక్కుకుని చస్తుంది, కొక్కులను తినేది అదే.

మిర్చి, కాకర, పుదీన మాత్రమే వేసేవాళ్లకు ఈ ఖర్చు దండగ. కోతి వాటి జోలికి పెద్దగా రాదు. మక్కలు, పల్లికాయ, టమాట ఉంటేనే జాలి గది కట్టుకోవాలి.