బేతాళుడు, ప్రేతం: ఒకటి కాదు

ఈ రెండింటినీ చాలామంది కలిపేసి దెయ్యం అనేస్తారు. నాకది బాధగానే ఉంటుంది.

ప్రేతం మన ఇంటి మనిషే. దేహం కాలిపోయింది, ఇంకా పితృదేవతల్లో కలవలేదు. పది రోజుల పిండాలతో దానికి ఒక్కో అవయవం ఏర్పడుతుందని గరుడపురాణం చెబుతుంది. పితృదేవతల్లో కలిపే సపిండీకరణం అనే కర్మ అయ్యాక ఆ ప్రేతత్వం పోతుంది.

బేతాళుడి సంగతి వేరు. శవం ఒకరిది, అందులో ఉండేది ఇంకొకరు. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఒక భిక్షువు కోసం శవాన్ని తేవడానికి వెళ్లిన రాజు శింశుపా చెట్టెక్కి, శవం వేలాడుతున్న తాడు కోస్తాడు. కింద పడ్డ శవం నొప్పితో అరుస్తుంది. బతికే ఉన్నాడేమో అని రాజు జాలిపడి దిగి, ఒళ్లు నిమురుతాడు. శవం పగలబడి నవ్వుతుంది! లోపల బేతాళుడున్నాడని అప్పుడు తెలుస్తుంది. ఎన్నిసార్లు చదివినా అక్కడ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ప్రేతానికి కావలసింది మన చేతి నీళ్లు, పిండం. బేతాళుడు ఏమీ కోరడు, ప్రశ్నలు వేస్తాడు. రాజు నోరు విప్పితే మళ్లీ చెట్టెక్కేస్తాడు. చివరి ప్రశ్నకు రాజు మౌనంగా ఉండిపోతే, రాజును బలివ్వబోతున్న ఆ భిక్షువు కుట్ర చెప్పి కాపాడేదీ బేతాళుడే. అందుకే నాకు బేతాళుడంటే భయం కన్నా గౌరవం ఎక్కువ.