ఒంగోలులో కొన్న ఏడు రాళ్ల కమ్మలు: పనితనం బాగుంది, రాయి పుట్టిల్లే తెలియలేదు

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ఏడు రాళ్ల వజ్రాల కమ్మలు ఒంగోలు ట్రంకు రోడ్డులో ఒక పాత కొట్లో తీసుకున్నాం. పేరు ఎందుకులెండి, చెప్పబోయేది ఆ ఒక్క కొట్టు సంగతి కాదు.

ముందు వస్తువు గురించి. క్లోజ్డ్ సెట్టింగ్, అంటే రాళ్ల వెనక మూసి ఉంటుంది. రాళ్లన్నీ ఒకే సైజు, ఒకే తెలుపు. భూతద్దం అడిగితే విసుక్కోకుండా ఇచ్చారు. ఒక రాయిలో సన్నటి చుక్క కనబడిందంటే కుర్రాడు బుకాయించలేదు, "ఇవి వీఎస్ రాళ్లే మేడం, వీవీఎస్ కాదు" అని కాగితం మీద చూపించాడు. (వీవీఎస్ అంటే లోపల మచ్చ ఇంకా తక్కువ, వీఎస్ దాని కింది మెట్టు.) ఎడమ కమ్మకి శీల మాత్రం మరీ బిగుతు. ఫంక్షన్ రోజు తిప్పలేక టెన్షన్ పడ్డాం. తర్వాత డబ్బులడక్కుండా మార్చిచ్చారు. తరుగు కాస్త ఎక్కువే వేశారు, బేరమాడండి.

ఇక నా గోల. మాది చీమకుర్తి. మా ఆయన పని గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో. మా గెలాక్సీ గ్రానైటు బ్లాకు మీద పెయింటుతో నంబరు వేసి ఉంటుంది, సీనరేజి (రాయి తవ్వినందుకు సర్కారుకిచ్చే రుసుము) కట్టిన పర్మిట్ లేకుండా లారీ కదలకూడదు. 2015లో గనుల చట్టం మార్చాక జిల్లా ఖనిజ నిధికి కూడా కొంత కట్టాలి. దుమ్ము తినే ఊళ్లకి అందులో ఎంత తిరిగొచ్చిందన్నది మా దగ్గర తెగని పంచాయితీ. అయినా నిలదీయడానికి ఒక లెక్కంటూ ఉంది. అందుకే ఈ రాళ్లు ఏ దేశంవని అడిగాను.

"కింబర్లీ సర్టిఫైడ్ మేడం" అన్నాడు కుర్రాడు. ఆ కాగితం చూపించమంటే ఓనరు పెద్దాయనే లేచి వచ్చారు. "అది ముడి రాళ్ల పార్సిల్ దేశం దాటేటప్పుడు ఇచ్చేదమ్మా. సూరత్‌లో సానబట్టాక అన్నీ కలిసిపోతాయి. మా దాకా వచ్చేది ఇవి యుద్ధాల రాళ్లు కావని బిల్లు మీద ఒక్క ముక్క హామీ" అన్నారు. ఇంత నిజం చెప్పే వ్యాపారిని ఈమధ్య చూడలేదు.

ఇంటికొచ్చి చదివితే ఆ హామీ కూడా అంతంతమాత్రమే. సియెర్రా లియోన్, అంగోలా యుద్ధాలకు వజ్రాల డబ్బు పోతోందని పెట్టిన పద్ధతి ఈ కింబర్లీ, 2003లో అమల్లోకి వచ్చింది. ఆపేది తిరుగుబాటుదారుల రాళ్లనే. సర్కారు సైన్యమే తవ్వేవాళ్లని కాల్చి చంపితే? జింబాబ్వేలోని మరాంగేలో, వజ్రాలు తవ్వే చోట, 2008లో జరిగింది అదే. 2011లో ఆ రాళ్ల ఎగుమతికి కింబర్లీ వాళ్లు మళ్లీ ఒప్పుకున్నారు. ఈ పద్ధతి కోసం మొదట్నుంచీ పోరాడిన గ్లోబల్ విట్‌నెస్ సంస్థ అదే ఏడాది అందులోంచి బయటికొచ్చేసింది.

ఆఫ్రికాలోనే బోట్స్వానా కథ వేరు. 1966లో స్వాతంత్ర్యం వచ్చింది, మరుసటేడే ఒరాపాలో వజ్రాలు దొరికాయి. అది తొలి అధ్యక్షుడు సెరెట్సీ ఖామా సొంత తెగ నేల. అయినా ఖనిజాల మీద హక్కు తెగది కాదు, దేశానిదని చట్టం చేయించాడాయన. గనులు నడిపే డెబ్‌స్వానాలో ప్రభుత్వానిది సగం వాటా. అంతమాత్రాన అక్కడంతా బంగారమేమీ కాదు. కలహారీ అభయారణ్యం నుంచి ఖాళీ చేయించిన శాన్ ఆదివాసులు కోర్టుకెక్కి 2006లో గెలవాల్సి వచ్చింది. సియెర్రా లియోన్‌లో అయితే 3 శాతం ఎగుమతి పన్నులో నాలుగో వంతు తవ్వే ప్రాంతాలకే ఇచ్చేలా 2001లో ఒక నిధి పెట్టారు. ఊరి పేరు మీద వాటా రాయడం నాకు నచ్చింది. చేతికి అందడం మా చీమకుర్తిలాగే వేరే లెక్క.

పనితనానికి ఐదుకి నాలుగు, మాటకి ఐదు. రాయి ఎక్కడిదో చెప్పడానికి సున్నా, అది పెద్దాయన ఒక్కడి తప్పు కాదు. ఏ దేశందో రాసిచ్చే సరుకు తెప్పిస్తారా అంటే కనుక్కుంటానన్నారు. ఇంకా ఫోన్ రాలేదు. మీరు వెళితే పాత బంగారం తూకం మీ ఎదురుగానే వేయించుకోండి. రాళ్ల బరువు బిల్లులో విడిగా రాయించుకోండి, మాకు అడిగితేనే రాశారు.