అమెరికా బాస్ లూర్ మన కృష్ణలో పనికొస్తుందా? సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా వాడి చూశా

మా బావమరిది అలబామాలో ఉంటాడు, సంక్రాంతికి వచ్చినప్పుడు నాకోసం రెండు లిప్‌లెస్ లూర్లు (బాస్ అనే అమెరికా చేప కోసం చేసిన, మూతి దగ్గర రేకు లేని ఉత్తుత్తి ఎరలు) పట్టుకొచ్చాడు, ఒకటి ఎరుపు ఒకటి వెండి రంగు. అరౌన్సు బరువు, అంటే మన లెక్కలో 14 గ్రాములు. పక్కలు నొక్కినట్టు పలచగా ఉండే ప్లాస్టిక్ చేప, లోపల గోళీలు, చెవి దగ్గర పెట్టి ఊపితే గిలక్కాయ మోగినట్టే. విజయవాడ దగ్గర కృష్ణలో సీతానగరం వైపు, ఇబ్రహీంపట్నం ఫెర్రీ వైపు వారానికి రెండు పూటలు వాడాను. ఇక్కడ చాలామంది ఇలాంటివి ఆన్‌లైన్‌లో కొనాలా వద్దా అని అడుగుతున్నారు కదా, అందుకే రాస్తున్నా.

ముందు ఇది దేనికోసం చేసిందో తెలియాలి, తెలియకుండా విసిరితే డబ్బులు దండగ. బావమరిది వెళ్ళేది గంటర్స్‌విల్ సరస్సుకి, టెన్నెసీ నది మీద 1939లో డ్యామ్ పూర్తయింది, దాదాపు 69,000 ఎకరాల నీళ్ళు, అడుగంతా నాచు. చలికాలం చివర్లో అక్కడ నీళ్ళు 8 నుంచి 12 డిగ్రీలు ఉంటాయి, లార్జ్‌మౌత్ బాస్ గుడ్లు పెట్టాలంటే 16 అయినా దాటాలి, ఈలోపు అది లోతులోంచి మెరకకి వస్తూ దారిలో నాచు అంచుల్లో ఆగుతుంది. ఒళ్ళు చల్లబడి ఉంటుంది కాబట్టి ఎరని తరిమి తినదు, మూతి ముందు పడితేనే నోరు తెరుస్తుంది. "బావా, లాక్కుంటూ రాకు, నాచులోకి దిగనివ్వు, తగులుకోగానే ఒక్క కుదుపు కుదిపి మళ్ళీ పడనివ్వు, పడేటప్పుడే కొడుతుంది" అని రాడ్ పట్టుకుని చూపించాడు.

మన దగ్గర బాస్ లేదు, కొర్రమీను ఉంది. మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయంటారు గానీ మన నీళ్ళు ఎప్పుడూ అంత చల్లబడవు. అయినా తెల్లారే వెళ్ళి మొదటి వారమంతా ఊరికే తిరిగొచ్చాను, ఒక్క దెబ్బ కూడా లేదు. తర్వాత తొమ్మిదిన్నర పదింటికి, గట్టు రాళ్ళ మీద ఎండ బాగా పడ్డాక వెయ్యటం మొదలుపెట్టాను, అప్పట్నుంచే కథ మారింది. ప్రకాశం బ్యారేజి గేట్లు మూసి ఉండే రోజులు కాబట్టి ఎగువన నీళ్ళు కదలకుండా తేటగా ఉంటాయి, కొర్రమీను గాలి పీల్చటానికి పైకి రావాల్సిందే, "గుబుక్" అని చిన్న చప్పుడు, ఒక సుడి, రెండు మూడు బుడగలు. సుడి మీదకే విసిరితే బెదిరి పోతుంది. నాలుగైదు గజాలు అవతలికి విసిరి, మెల్లగా అక్కడిదాకా తెచ్చి, దారం వదులు చేసి దింపాలి. ఎరుపుది అలా దిగుతుండగా దారం ఉన్నట్టుండి పక్కకి జరిగింది, చేతికి ఏమీ తెలియలేదు, దారం చూస్తున్నా కాబట్టి పట్టుకున్నా, కేజీంపావు కొర్రమీను. ఆ రెండు నెలల్లో మొత్తం ఏడు పడ్డాయి, ఆరు ఎరుపుకే, అన్నీ దిగేటప్పుడే. మబ్బు పట్టిన రోజుల్లో వెండిది కూడా వేశాను కానీ నాకు పెద్దగా కలిసిరాలేదు.

ఇక లోపాలు. దానితో వచ్చిన మూడుముళ్ళ గాలాలు మన కొర్రమీను దవడకి ఆగవు, రెండో చేపకే ఒక ముల్లు సాగిపోయి చేప చేతిదాకా వచ్చి జారిపోయింది, ఆ బాధ వారం దాకా పోలేదు. బాడీ ఇంత బాగా చేసి గాలాల దగ్గర పిసినారితనం ఎందుకో. వన్‌టౌన్‌లో వలలు, గాలాలు అమ్మే కొట్లో అదే సైజులో మందం గాలాలు కొని మార్చాను, తర్వాత ఒక్కటీ సాగలేదు. రెండోది, గుర్రపుడెక్క ఉన్నచోట దీన్ని అసలు బయటికి తియ్యొద్దు, ఆరు ముళ్ళూ వేళ్ళకి పట్టేస్తాయి, అక్కడ రబ్బరు కప్పే (కప్ప ఆకారం ఎర) కరెక్టు. నీళ్ళలో మునిగి ఉండే నాచు, రాళ్ళ అంచు, ఒకటిన్నర రెండు మీటర్ల లోతు, దీని చోటు అదే. నైలాన్ దారంతో నాచు తెగదు, సాగిపోతుంది, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) వేసుకోండి. రాడ్ ఏడడుగుల మీడియం హెవీ (కాస్త గట్టిది) చాలు.

జాలర్ల వలల దగ్గరికి మాత్రం విసరకండి, ఒక్క గాలం తగిలినా వల చిరుగుతుంది, అది వాళ్ళ కూడు. తొలకరి తర్వాత పిల్లల మందని కాచుకుని తిరిగే కొర్రమీనుని కూడా కొట్టొద్దు, తల్లి పోతే ఆ మందంతా పోతుంది.

అక్కడ ఏడెనిమిది డాలర్లట, గాలాలు మార్చే ఖర్చు కలుపుకున్నా ఈ రెండు నెలలకి నాకు గిట్టింది. చలి శివశివా అంటూ పోయాక కొర్రమీను చురుగ్గా పైపైనే కొడుతుంది, మళ్ళీ కప్పకే మారిపోయాను. వెండిది మా తమ్ముడికిచ్చేశా, వచ్చే సంక్రాంతికి రెండూ ఎరుపే తెమ్మని బావమరిదికి ఇప్పుడే చెప్పి పెట్టా.