బృందావనం: రద్దీ గుళ్ళు, మనసు నిలిచే చోట్లు, బస

బృందావనం వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఆగ్రా, మథురలతో కలిపి ఒక్క రోజులో చుట్టేసి వస్తారు. ఢిల్లీ నుంచి వేసే ప్యాకేజీ బస్సులు కూడా అలాగే తిప్పుతాయి. నాలుగు గుళ్ళు చూశామనుకోవడానికి అది సరిపోతుంది. మనశ్శాంతి కోసం వెళ్తుంటే మాత్రం కనీసం మూడు రాత్రులు అక్కడే ఉండండి, చూసే గుళ్ళు తగ్గించుకోండి. అమ్మను తీసుకుని వెళ్ళొచ్చాక ఈ మాట గట్టిగా చెప్పగలను.

దక్షిణం నుంచి ఢిల్లీ వెళ్ళే చాలా రైళ్ళు మథుర జంక్షన్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి బృందావనం సుమారు 12 కిలోమీటర్లు. ఆటో అయినా ఈ-రిక్షా అయినా ఎక్కే ముందే రేటు మాట్లాడుకోవాలి. పూజలు చేయిస్తామంటూ వెంటపడే వాళ్ళతో ఇంకా జాగ్రత్త. యమున ఒడ్డున ఒకాయన అమ్మను కూర్చోబెట్టి సంకల్పం మొదలుపెట్టి, మధ్యలో ఆపి గోదానానికని పెద్ద మొత్తం అడిగాడు. గోత్రం చెప్పి, చేతిలో నీళ్ళు పట్టుకుని కూర్చున్న మనిషి కాదని ఎలా లేస్తుంది? ఎంతవుతుందో కూర్చునే ముందే అడగండి.

అందరూ ముందు పరుగెత్తేది కృష్ణుణ్ణి బాంకే బిహారీ పేరుతో కొలిచే గుడికే. అక్కడ స్వామి ముందు పరదాను కొద్ది నిమిషాలకోసారి వేస్తూ తీస్తూ ఉంటారు. కన్నార్పకుండా చూస్తూ నిలబడితే ఆ ప్రేమకు లొంగిపోయి స్వామి భక్తుడి వెంటే వెళ్ళిపోతాడని నమ్మకం. గుళ్ళో గంటలు మోగవు. జన్మాష్టమి నాడు తప్ప తెల్లవారుజామున ఇచ్చే మంగళ హారతి ఉండదు, పసివాడైన స్వామిని తెల్లవారకుండానే లేపకూడదని. దేవుణ్ణి ఇంత ముద్దు చేసుకునే ఊరు నేనింకోటి చూడలేదు. కానీ సందులు బాగా ఇరుకు, లోపల తోపులాట. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను, చంటిపిల్లలను శని ఆదివారాల్లో అసలు తీసుకెళ్ళొద్దు. వారం మధ్యలో, గుడి తెరిచే వేళకు వెళ్తే కాస్త నయం.

అక్కడికి దగ్గర్లోనే ఉన్న రాధారమణ మందిరాన్ని చాలామంది వదిలేస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. శ్రీరంగం నుంచి వచ్చిన గోపాల భట్ట గోస్వామి పూజించే సాలగ్రామం నుంచి 1542లో స్వామి వెలిశాడని చెబుతారు. విగ్రహం చాలా చిన్నది. పక్కన రాధ విగ్రహం ఉండదు, ఆమెకు గుర్తుగా ఒక కిరీటం ఉంచుతారు. ఉదయం పూట ఆ ఆవరణలో కూర్చుంటే ఎవరూ లేపరు, తొయ్యరు. పాలరాతి నేల మీద కూర్చుని పూలు గుచ్చుతున్న ఒక ముసలావిడ, తలెత్తకుండానే తన ముందున్న మల్లెపూల కుప్పలో సగం అమ్మవైపు జరిపింది. భాష రాదు. ఇద్దరూ కలిసి దండ పూర్తిచేశారు. ఇంటి దగ్గర ఎప్పుడూ ఏదో ఒక టెన్షన్‌తో ఉండే అమ్మ, ఆ గంటసేపు నావైపు కూడా చూడలేదు.

తెలుగువాళ్ళకు పుట్టింటికి వెళ్ళినట్టుండేది రంగ్‌జీ మందిరం. 1851లో పూర్తయిన ఈ గుళ్ళో మన వైపు గోపురాలు, ధ్వజస్తంభం, గోదాదేవితో రంగమన్నార్. పూజలు కూడా మన వైష్ణవ సంప్రదాయంలోనే. ధనుర్మాసంలో పాశురాలు వింటూ పెరిగినవాళ్ళు దీన్ని మాత్రం వదలొద్దు.

రాత్రి దీపాల వెలుగులో చూడ్డానికి 2012లో తెరిచిన ప్రేమ్ మందిర్ బాగుంటుంది. పిల్లలకు బాగా నచ్చుతుంది, నాకు మాత్రం ఒక్కసారి చాలనిపించింది. మథుర జన్మస్థానంలో భద్రత చాలా ఎక్కువ. ఫోన్లు బయటే ఇచ్చేయాలి కాబట్టి బసలోనే పెట్టి వెళ్తే సగం పని తగ్గుతుంది.

కీర్తన కోసమైతే 1975లో మొదలైన ఇస్కాన్ కృష్ణ బలరామ మందిరానికే వెళ్ళాలి. 24 గంటలూ నామం ఆగదు. పాడేవాళ్ళు మారుతుంటారు. వినేవాళ్ళకూ పాడేవాళ్ళకూ మధ్య గీత ఉండదు. పక్కన కూర్చున్న అమ్మాయి తన తాళాలు తీసి నా చేతిలో పెట్టింది. మొదట సిగ్గేసింది, తర్వాత గొంతు దానంతటదే కలిసింది. ఒంటరిగా కళ్ళు మూసుకుంటే నాకెప్పుడూ అందని నెమ్మది, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కలిసి పాడుతుంటే దొరికింది.

గోవర్ధన గిరి ప్రదక్షిణ సుమారు 21 కిలోమీటర్లు. చెప్పులు లేకుండా నడవాలంటే తెల్లవారకముందే మొదలుపెట్టాలి. నడవలేనివాళ్ళకు ఈ-రిక్షాలున్నాయి, అమ్మ అలాగే వెళ్ళింది. దారిపొడవునా మంచినీళ్ళు, ప్రసాదం పంచేవాళ్ళు కనిపిస్తారు. పుచ్చుకోవడమే కాదు, మీరూ ఒక అట్టపెట్టె అరటిపళ్ళు తీసుకెళ్ళి పంచండి. కోతులు ఉంటాయి కాబట్టి సంచి మూసి పట్టుకోండి. బృందావనం సందుల్లో అయితే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకోవడమే మేలు. అవి లాక్కుపోయేది ముందు దాన్నే.

బసకు ఆశ్రమాలు, హోటళ్ళు రెండూ దొరుకుతాయి. ఆశ్రమంలో ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం, తెల్లవారుజామునే భజన, ఖర్చు తక్కువ. కానీ చాలాచోట్ల రాత్రి గేటు తొందరగా వేసేస్తారు, ఆలస్యంగా వస్తే ఇబ్బంది. మేము మొదట దిగిన ఒక లాడ్జిలో చలికాలంలో వేడినీళ్ళు లేవు, అడిగితే విసుక్కున్నారు. మర్నాడే ఒక చిన్న ఆశ్రమానికి మారాం. గది మామూలుదే అయినా బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చిపెట్టారు. పెద్దవాళ్ళుంటే కింది అంతస్తు గది, వేడినీళ్ళు ఉన్నాయో లేదో ఫోన్లో అడిగాకే డబ్బు కట్టండి.

తిరిగొచ్చాక అమ్మ ఏకాదశి సాయంత్రాల్లో ఇరుగుపొరుగును పిలిచి నామం చెప్పిస్తోంది. గొంతు బాగాలేదని వెనక కూర్చునేవాళ్ళకు తాళాలు ఇచ్చి ముందుకు లాగుతుంది. ఈసారి వాళ్ళందరినీ కార్తీకంలో తీసుకెళ్తానంటోంది. మీరూ ఆ నెలలో వెళ్ళాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ నెలను పౌర్ణమి నుంచి లెక్కపెడతారు, కాబట్టి వాళ్ళ కార్తీకం మనకన్నా సుమారు 15 రోజులు ముందే మొదలవుతుంది. ఆ నెలంతా రద్దీయే. గదులు చాలా ముందుగా మాట్లాడుకోవాలి.