గేమ్‌లో మైక్ ఉండాలా వద్దా? కడప నుంచి వాయిస్ చాట్ రివ్యూ

ఇయర్‌ఫోన్లకి, ఫోన్లకి, కూలింగ్ ఫ్యాన్లకి కూడా రివ్యూలు పెడతారు గానీ గేమ్‌లో మూలన ఉండే ఆ చిన్న మైక్ బొమ్మ గురించి ఎవరూ రాయరు, అందుకే నేను రాస్తున్నా. గేమ్ పేరు చెప్పను, నలుగురు టీమ్‌గా ప్యారాచూట్‌లో దిగి చివరిదాకా బతకాల్సిన ఫోన్ గేమ్, మీకు అర్థమైపోయింటాది. రేటింగ్ ముందే చెప్తా: మనోళ్ళతో ఆడితే 5కి 4.5, ముక్కూ మొహం తెలీనోళ్ళతో అయితే 1, ఆ ఒకటి కూడా మ్యూట్ బటన్ ఇచ్చినందుకు.

మా టీమ్ అంటే నేను, మా తమ్ముడు, కువైట్‌లో డ్రైవర్‌గా ఉండే మా పెద్దనాయన కొడుకు, ఆయన రూమ్‌లో ఉండే రాయచోటి అబ్బాయి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, అన్న డ్యూటీ దిగి వండుకోని తిని లాగిన్ అయ్యేసరికి ఇక్కడ పదకొండు దాటిపోతాది. వీడియో కాల్ చేస్తే "తిన్యారా, అందరూ బాగుండారా" అని అడిగి ఇంక మాటల్లేక మొహాలు చూసుకుంటాం, అదే గేమ్‌లో అయితే గంటసేపు ఆగకుండా మాట్లాడతాడు. జీపు దొరికి తోలుకుంటా పోతాంటే పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు, లీవు ఇస్తారా ఇవ్వరా, ఇంటిమీద మిద్దె వేద్దామా ఇంకో ఏడాది ఆగుదామా, అన్నీ ఆడనే వస్తాయి. నిన్నగాక మొన్న మిద్దె ఖర్చు లెక్క చెప్తా చెప్తా "ఉండుమ్మే, వీన్ని చంపేసి చెప్తా" అని ఆపి, కాల్చేసి వచ్చి సిమెంటు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టినాడు. నేనిచ్చే 4.5 మార్కులు ఇందుకే, గేమ్ గెలిపించినందుకు కాదు.

ఎందుకంటే గెలవడానికి వాయిస్ చాట్ అందరూ అనుకున్నంత పనికిరాదు. మా తమ్ముడు మంచి ప్లేయరే, కానీ ఎనిమీ కనపడితే వానికి నోట్లోంచి వచ్చేది ఒకటే, "ఆడుండాడు, ఆడుండాడు!" యాడరా అంటే "ఆడే, ఆ మిద్దె మీద!" ఎదురుగా ఏడెనిమిది మిద్దెలు ఉంటాయి, ఏదో తేలేలోపు మేము నలుగురం చచ్చి మళ్ళీ లాబీలో, అంటే ఆట మొదలుపెట్టే చోట ఉంటాం. అదే వేలితో ఒక మార్క్ కొడితే గోడ మీద సరిగ్గా ఆ కిటికీ దగ్గర చుక్క పడతాది, ఎన్ని మీటర్ల దూరమో కూడా చూపిస్తాది. దీన్నే పింగ్ అంటారు, 2019లో ఎపెక్స్ లెజెండ్స్ అనే గేమ్ వచ్చినప్పుడు ఈ పింగ్ సిస్టమ్‌కే అంత పేరొచ్చింది, నోరు మెదపకుండా గన్ ఇక్కడుంది, శత్రువు అక్కడున్నాడు, నేను ఇటు పోతున్నా అని అన్నీ చెప్పేయొచ్చు, భాష రానోళ్ళతో కూడా ఆడొచ్చు. చెవులు వినపడనోళ్ళకి కూడా ఇదే దారి. పింగ్ సరిగ్గా పెట్టకుండా "మైక్ ఆన్ చెయ్యండి" అని వదిలేసే గేమ్‌ది బద్ధకం అంటా నేను.

ఇప్పుడు తెలీనోళ్ళ సంగతి. మావోళ్ళు ఎవరూ ఆన్‌లైన్‌లో లేనప్పుడు ర్యాండమ్ టీమ్‌లో దూరి, దెబ్బలు తగిలి, "మెడ్‌కిట్ (గేమ్‌లో దెబ్బలు మాన్పే మందుల డబ్బా) ఉంటే ఒకటి ఇవ్వండి" అన్నా, అంతే. "రేయ్ అమ్మాయి రా!" అని ఒకడు, ఇన్‌స్టా ఐడీ చెప్పమని ఇంకొకడు, మూడోవాడేమో నేను అమ్మాయి గొంతు యాప్ పెట్టుకున్న మగోడినని పందెం. మెడ్‌కిట్ మాత్రం ఎవడూ ఇవ్వలేదు. ఐడీ ఇవ్వననేసరికి బూతులు, అవి కూడా మన యాసలోనే, వింటాంటే మా కడప ఏడు రోడ్ల సెంటర్ కాడ ఎప్పుడో చూసిన మనిషేమో అనిపించి ఇంకా భయమేసింది. రిపోర్ట్ కొట్టినా, థాంక్యూ అని ఒక మెసేజ్ వచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. ఇప్పుడు ర్యాండమ్‌లో అయితే మైకూ స్పీకరూ రెండూ మూసేసే ఆడతా, నా ర్యాంక్ ఏం పడిపోలేదు.

వాయిస్ చాట్ నిన్న మొన్నది కాదు, 2002లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ గేమ్ మిషన్ ఎక్స్‌బాక్స్‌లో ఆన్‌లైన్ ఆడుకునే ఎక్స్‌బాక్స్ లైవ్ కిట్‌లోనే హెడ్‌సెట్ పెట్టి అమ్మినారు. మాట్లాడించడం అంత ముందే వచ్చినా కాపలా మాత్రం ఈ మధ్యే వచ్చింది. ఎవరైనా తిడితే ఆఖరి 60 సెకన్ల క్లిప్ దాచిపెట్టుకొని దాంతోనే కంప్లయింట్ ఇచ్చే పద్ధతి అదే ఎక్స్‌బాక్స్‌లో 2023లో పెట్టినారు. అదే ఏడాది నవంబర్‌లో కాల్ ఆఫ్ డ్యూటీ అనే తుపాకుల గేమ్ వాళ్ళు మాటల్ని ఏఐతో వినే పద్ధతి వాళ్ళ కొత్త భాగం మోడర్న్ వార్‌ఫేర్ 3తో పాటు తెచ్చినారు, కాకపోతే ఇంగ్లీషుతో మొదలుపెట్టినారు, ఆసియాని పక్కనపెట్టినారు. ఇంక కడప బూతు ఏ మిషన్‌కి అర్థమయ్యేను? నా మాటలన్నీ ఎవడో రికార్డ్ చేస్తాడంటే నాకూ ఇష్టం లేదు గానీ, ఆ 60 సెకన్ల పద్ధతి మాత్రం న్యాయంగా ఉంది, కంప్లయింట్ చేసేవాళ్ళ చేతిలో సాక్ష్యం ఉంటాది.

సౌండ్ గురించి రెండు మాటలు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో మైక్ ఆన్ చేస్తే చాలావరకు అవి పాటల మోడ్ నుంచి కాల్ మోడ్‌కి మారిపోతాయి, అడుగుల చప్పుడు కుడి నుంచి వస్తాందో ఎడమ నుంచి వస్తాందో తెలీదు. వైర్‌ది, మైక్ ఉండేది వాడండి, తక్కువ ధరది చాలు. కడప ఎండాకాలంలో ఫ్యాన్ ఆపి ఆడమని ఎవరికీ చెప్పలేను గానీ, మైక్ ఎప్పుడూ తెరిచి పెట్టకుండా నొక్కినప్పుడే మాట్లాడే సెట్టింగ్ పెట్టుకోండి, లేకపోతే ఆ హోరు అంతా అవతలోళ్ళ చెవుల్లోనే. మా అమ్మ "ఇంకా పండుకోల్యా, పొద్దున లేస్తావా నువ్వు" అన్నది కువైట్‌లో రూమ్ అంతా విన్నారు.

కాబట్టి తీసెయ్యమని నేను అనను, తీసేస్తే మా అన్న మాటలు పోతాయి. కాకపోతే గేమ్ పెట్టుకోగానే తెలీనోళ్ళ మైక్ ఆఫ్‌లో ఉండాలి, కావాల్సినోళ్ళు వాళ్ళంతట వాళ్ళు ఆన్ చేసుకుంటారు, ఇప్పుడు మేమాడేదాంట్లో తిరకాసుగా ఉంది, ఆఫ్ చెయ్యడానికే సెట్టింగ్స్‌లో ఆడియో దాకా పోయి వెతకాలి. ఇంట్లో పిల్లోళ్ళు ఆడుతుంటే ముందు వాళ్ళ ఫోన్ తీసుకొని ఆ సెట్టింగ్ మార్చేయండి, టీమ్‌లో ఫ్రెండ్స్ ఉంటే అప్పటికప్పుడు ఆన్ చేసుకోవడం వాళ్ళకి మీకంటే బాగా తెలుసు.