పిల్లల ఎత్తుపళ్ళకు ఇప్పుడే హెడ్‌గేర్ పెట్టించాలంటే, డబ్బు కట్టే ముందు ఆగండి

ఎనిమిదేళ్ళ మా అమ్మాయికి పైపళ్ళు ముందుకు వచ్చాయని హైదరాబాదులోని ఒక దంతవైద్యశాలకు తీసుకువెళ్ళాము. పైపళ్ళను వెనక్కి లాగేందుకు మెడ వెనుక పట్టీతో తగిలించే హెడ్‌గేర్ అనే పరికరాన్ని ఇప్పుడే పెట్టించకపోతే దవడ ఎదుగుదల చేయి దాటిపోతుందని, పెట్టిస్తే పెద్దయ్యాక క్లిప్పుల అవసరమే రాదని నమ్మబలికి, మొత్తం సొమ్ము ముందే కట్టించుకున్నారు. ఏడాది గడిచాక ఇప్పుడు, శాశ్వత దంతాలు వచ్చిన తరువాత క్లిప్పులు వేయక తప్పదని, అది రెండో దశ కనుక రుసుము వేరని అంటున్నారు. మొదట ఇచ్చిన అంచనా కాగితంలో రెండో దశ ఊసే లేదు.

వారు చూపిన తొందరకు వైద్యపరంగా అంత ఆధారం లేదు. ఎత్తుపళ్ళున్న పిల్లలపై జరిగిన పరీక్షలను క్రోడీకరించి, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2018లో వెలువరించిన సమీక్ష ప్రకారం, చిన్నతనంలో ఒకసారి, కౌమారంలో మరోసారి చికిత్స పొందినవారికీ, కౌమారంలో ఒక్కసారే పొందినవారికీ చివరి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు; ఆటల్లో పడినప్పుడు ముందుపళ్ళు విరిగే ప్రమాదం తగ్గడం ఒక్కటే ముందస్తు చికిత్సతో కనిపించిన లాభం. కింది దవడ ముందుకు ఉన్న పిల్లల సంగతి వేరు. వారికి వాడే, పైదవడను ముందుకు లాగే ఫేస్‌మాస్క్ అనే పరికరం చిన్న వయసులోనే బాగా పనిచేస్తుంది కనుక, నా మాటలు చదివి దాన్ని వాయిదా వేయకండి.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టినది భద్రత. హెడ్‌గేర్‌లోని ఫేస్‌బో అనే లోహపు తీగ కొనలు పైదవడ వెనుక పళ్ళకు అమర్చిన గొట్టాల్లోకి దూరుతాయి. మెడ వెనుక పట్టీ దాన్ని రోజూ గంటల తరబడి వెనక్కి లాగుతూ ఉంటుంది. ఎవరైనా తీగను పట్టి గుంజితే పట్టీ తనంతట తాను విడిపోయే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే వదిలిన తీగ అదే వేగంతో ముఖం మీదికి వచ్చి కొడుతుంది. నోటిలోని సూక్ష్మక్రిములు అంటిన తీగ కొన కంట్లో గుచ్చుకుని, చీము పట్టి, పిల్లలు చూపు కోల్పోయిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మా పాపకు ఇచ్చినది అలాంటి ఏర్పాటేమీ లేని మామూలు సాగే పట్టీ. ఒకరోజు తెల్లవారి చూసేసరికి తీగ ఒక పక్క ఊడి, చెంప మీద కంటి కింది వరకు ఎర్రటి గీత పడి ఉంది. ఆ సంగతి చెబితే, పట్టీని ఇంకో రంధ్రం బిగించమన్నారు!

అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ వేరే డాక్టరు చూసేవారు. మీరు చికిత్స మొదలుపెట్టే ముందు, ఆర్థోడాంటిక్స్‌లో (పళ్ళ వరుసను, దవడను సరిచేసే విభాగం) ఎం.డి.ఎస్. అనే పై చదువు చేసిన ఒకే వైద్యులు చివరిదాకా చూస్తారా అని అడగండి. పక్కనుంచి తీసే దవడ ఎక్స్‌రే లేకుండా నిర్ణయం చెబితే ఒప్పుకోకండి. రెండు దశల ఖర్చునూ కాగితం మీద రాయించుకోండి. మరో వైద్యునికి చూపించడానికి మేము ఎక్స్‌రేలు, పంటి అచ్చులు అడిగితే ఇవ్వకపోవడంతో, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేశాము. హెడ్‌గేర్ వాడకం మాత్రం చెంప మీద గీత కనబడిన ఉదయమే ఆపేశాము.